తమ్ముడిని ఎంటీలో వేశారు, బండి నడపనంటే కుదురుతుందా?

కల్వకుర్తి_అన్న:
పెద్దలకు నమస్కారం. మా తమ్ముడు అగ్నివీర్. జనరల్ డ్యూటీలో చేరాడు, మూడో ఏడు నడుస్తోంది. చేరకముందు టమాటా ట్రేలు మార్కెట్‌కు వేయడానికి ట్రాలీ ఆటో నడిపేవాడు. అందుకోసమే లైసెన్సు తీయించాం. యూనిట్‌కు వెళ్లాక ఒకరోజు వరుసలో నిలబెట్టి "లైసెన్సు ఎవరికి ఉంది?" అని అడిగారట. వీడు చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి ఇంకా దించలేదనుకోండి. కోర్సుకు పంపారు, పాసయ్యాడు, ఎంటీ ప్లాటూన్‌లో, అంటే యూనిట్ మోటారు బండ్లు నడిపే దళంలో వేశారు. వచ్చే నెల నుంచి కొండదారిలో స్టాలియన్ ట్రక్కు నడపాలి.

వాడికి భయం. పిరికివాడని కాదు. మా నాయన లారీ డ్రైవర్. 2011లో పెబ్బేరు దగ్గర రాత్రిపూట రోడ్డు మీద ఆగి ఉన్న ట్యాంకర్‌ను వెనక నుంచి గుద్దాడు. క్యాబిన్ కోసి బయటికి తీసేసరికి మూడు గంటలు పట్టింది. ఇప్పుడు ఆయనకు కుడికాలు మోకాలి కింద లేదు. తమ్ముడికి అప్పుడు ఎనిమిదేళ్లు. ఆస్పత్రిలో మంచం పక్కన చాప వేసుకుని పడుకున్నది వాడే.

ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట. "అన్నా, నేను రైఫిల్ పట్టడానికి వచ్చాను, స్టీరింగ్ పట్టడానికి కాదు. నడపనని రాసిచ్చేస్తాను." నాలుగేళ్లయ్యాక నూటికి పాతిక మంది దాకానే ఉంచుకుంటారు కదా. ఇప్పుడు రాసిస్తే ఆ పాతికలో వీడికి చోటు ఉంటుందా? అసలు ఇష్టం లేనివాడిని నడిపి తీరాలని అనవచ్చా? తెలిసినవారు చెప్పండి.

డిండి_గాలి:
ఇష్టం లేని పని చేయించడం వెట్టిచాకిరీ కాదా? రాజ్యాంగం 23వ అధికరణం ఉంది. ఆర్‌టీఐ వేయండి.

నకిరేకల్_హవల్దార్:
డిండి తమ్ముడూ, నెలనెలా జీతం, మూడు పూటలా రేషను ఇచ్చే వెట్టి ఎక్కడైనా ఉంటే మా ఊరివాళ్లకు కూడా చెప్పు. నీ ఆర్‌టీఐ జవాబును తపాలాలో వేయడానికి కూడా ఎవరో ఒక జవాను బండి తీయవలసిందే.

కల్వకుర్తి అన్నా, నేను ఇన్‌ఫాంట్రీలో పదిహేడేళ్లు చేశాను, అందులో పదకొండేళ్లు ఎంటీలోనే. జనరల్ డ్యూటీ అంటే ఏ డ్యూటీ అయినా అని అర్థం. బెటాలియన్‌లో బండి నడిపేవాడు, మోర్టార్ దగ్గర ఉండేవాడు, రేడియో సెట్టు మోసేవాడు, అందరూ ఒకే వరుసలోంచి వచ్చినవాళ్లే. డ్రైవర్లు విడిగా ఆకాశం నుంచి ఊడిపడరు. కోర్సు చేసి, పరీక్ష నెగ్గి, మిలిటరీ లైసెన్సు చేతికి వచ్చాక "నడపను" అంటే వినేవాళ్లు లేరు.

అయితే బండి నడపమనడం వేరు, చేతికి రాని బండి నడపమనడం వేరు. జిప్సీకి పాసైనవాడిని స్టాలియన్ మీద కూర్చోబెట్టకూడదు. మైదానంలో నడిపినవాడిని పరీక్షించకుండా కొండకు తోలకూడదు. మా ఎంటీ సుబేదార్ సాబ్ పక్క సీట్లో కూర్చుని, ఎక్కుడులో సగం దూరాన బండి ఆపించేవాడు. దిగి వెళ్లి వెనక చక్రానికి వెనకవైపు ఆనించి అగ్గిపెట్టె పెట్టేవాడు. "ఇది నలగకుండా ముందుకు కదిలించు" అనేవాడు. క్లచ్ వదలడం ఒక్క క్షణం ఆలస్యమైతే బండి బెత్తెడు వెనక్కి జారుతుంది, పెట్టె చప్పున నలుగుతుంది. నావి నాలుగు నలిగాయి. ఐదోది ఇప్పటికీ ట్రంకు పెట్టెలో ఉంది.

మీ వాడిని ఏమీ రాసివ్వవద్దనండి. ముందు ఎంటీ హవల్దార్‌కు, ఆయన వినకపోతే ఎంటీ జేసీఓకు (సుబేదార్ స్థాయి అధికారికి), ఆ తర్వాత ఇంటర్వ్యూ అడిగి కంపెనీ కమాండర్‌కు నోటితో చెప్పుకోవాలి. "నడపను" అనకూడదు. "భయంగా ఉంది సాబ్, కారణం ఇది" అనాలి. మొదటి మాటకు చార్జి వస్తుంది, రెండో మాటకు ఒక్కోసారి చాయ్ కూడా వస్తుంది.

కోర్టు_మెట్లు:
నేను పాలమూరులో వకీలును. నా పని ఎక్కువగా మోటారు ప్రమాదాల కేసులు. అందువల్ల రెండు చట్టాలూ పక్కపక్కన పెట్టుకుని చెబుతున్నాను.

డిండి_గాలి గారు 23వ అధికరణం దగ్గర ఆగిపోయారు. 33వ అధికరణం దాకా వెళ్లాలి. సైనికుల ప్రాథమిక హక్కులను ఎంతవరకు కుదించాలో నిర్ణయించే అధికారం అక్కడ పార్లమెంటుకు ఉంది. 1950 నాటి ఆర్మీ చట్టంలో 41వ సెక్షన్ ఆజ్ఞా ఉల్లంఘన గురించి. పై అధికారి తన విధి నిర్వహణలో స్వయంగా ఇచ్చిన న్యాయమైన ఆజ్ఞను ధిక్కార భావంతో కాదంటే 14 ఏళ్ల వరకు శిక్ష పడవచ్చు. ధిక్కారం లేకుండా పాటించకపోతే యాక్టివ్ సర్వీసులో, అంటే యుద్ధం లాంటి వేళల్లో 14, మిగతా వేళల్లో 5 ఏళ్లు. ఇవి పై హద్దులు. స్టీరింగ్ పట్టనన్నందుకు ఎవరూ అంత దూరం పోరు. కమాండింగ్ ఆఫీసర్ తానే 80వ సెక్షన్ కింద 28 రోజుల వరకు కస్టడీ వేసి వదిలేయవచ్చు. కానీ మీ తమ్ముడికి అసలు నష్టం ఆ 28 రోజులు కాదు, రికార్డులో పడే ఎర్ర సిరా. పాతిక మందిలో చోటు కోసం చూస్తున్నవాడికి అది చాలా ఖరీదు.

అయితే ఆజ్ఞ న్యాయమైనది కావాలి. ఇక్కడ మోటారు వాహనాల చట్టం, 1988, 18వ సెక్షన్ అక్కరకు వస్తుంది. రక్షణ అవసరాలకు వాడే కేంద్ర ప్రభుత్వ వాహనాలు నడపడానికి సైన్యమే లైసెన్సు ఇస్తుంది. ఏ తరగతి బండి నడపవచ్చో ఆ లైసెన్సు మీద ఉండాలి. లేని తరగతి బండి నడపమంటే అది ఆజ్ఞ పేరుతో వచ్చిన చిక్కే. నిజంగా అన్యాయం జరిగిందనుకుంటే పై అధికారులకు ఫిర్యాదు చేసుకునే హక్కు ఆర్మీ చట్టం 26వ సెక్షన్‌లో ఉంది. అది చేతిలో ఉండగా సమ్మె భాష ఎందుకు?

చౌటుప్పల్_లారీ:
వకీలు సాబ్, ఒక అనుమానం. మాకైతే ఇరవై నిండందే లారీ లైసెన్సు రాదు. సైన్యంలో మీసాలు కూడా సరిగా రాని పిల్లలు ట్రక్కులు నడుపుతూ హైవే మీద కనిపిస్తారు.

కోర్టు_మెట్లు:
మోటారు వాహనాల చట్టం నాలుగో సెక్షన్‌లో ఇరవై ఏళ్ల నిబంధన మొదలయ్యేదే "18వ సెక్షన్‌కు లోబడి" అని. సైనిక లైసెన్సుకు పద్దెనిమిది నిండితే చాలు. కానీ ఆ లైసెన్సు ఆ బండ్లకే. మిర్యాలగూడ వైపు ఒక జవాను సెలవులో వచ్చి బావ ట్రాక్టరు మీద వడ్లు మిల్లుకు తోలాడు. చెకింగులో మిలిటరీ లైసెన్సు తీసి దర్జాగా చూపించాడు. సెల్యూట్ కొట్టి మరీ చలాను రాశారు. ఊళ్లో నడపాలంటే పౌర లైసెన్సు కావాలి. ఒక వెసులుబాటు ఉంది. అదే తరగతికి 18వ సెక్షన్ లైసెన్సు ఉన్నవాడికి పౌర లైసెన్సు కోసం మళ్లీ డ్రైవింగ్ పరీక్ష అక్కరలేదని తొమ్మిదో సెక్షన్ చెబుతుంది.

చౌటుప్పల్_లారీ:
అంటే నాలుగేళ్లకు ఇంటికి పంపినా హెవీ లైసెన్సు చేతిలో ఉంటుంది. హైదరాబాద్-విజయవాడ రోడ్డు మీద మంచి డ్రైవర్ కోసం మేము దీపం పట్టుకుని వెతుకుతున్నాం, కల్వకుర్తి అన్నా. ఊరికే చెబుతున్నాను, మనసులో పెట్టుకోండి.

గోల్కొండ_గన్నర్:
నేను గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో తయారైనవాడిని. మాలో డ్రైవర్ అన్నది ట్రేడు. ఫిరంగిని లాక్కెళ్లేవాడు లేకపోతే గన్నర్ ఏం చేస్తాడు? సప్లయి చేసే ఏఎస్‌సీలో అయితే ఇక చెప్పనక్కరలేదు. అక్కడ డ్రైవర్‌గా చేరినవాడు నడపనంటే, వంటవాడు పొయ్యి ముట్టించనన్నట్టే. మీ వాడిది జనరల్ డ్యూటీ కాబట్టి కనీసం మాట్లాడుకోవడానికి చోటు ఉంది.

ఇంకొకటి. కళ్లు, చెవులు, మనసు, అన్నీ షేప్ వన్‌లో, అంటే పూర్తి ఆరోగ్య శ్రేణిలో ఉన్నాయా అని డాక్టరు చూస్తాడు. భయం నిద్ర పట్టనివ్వనంతగా ఉంటే మెడికల్‌కు వెళ్లమనండి. నాటకం మాత్రం వద్దు. రంగులు కనిపించడం లేదని నటించిన మావాడొకడిని హోలీ రోజు పట్టుకున్నారు.

దేవరకొండ_దారి:
అందరూ చట్టం చెబుతున్నారు. నేను నడిపిన కథ చెబుతాను. రాత్రి పదకొండింటికి ఒక ఆఫీసర్ ఇంటి నుంచి ఫోను. బంధువులు రైలు దిగుతున్నారు, జిప్సీ తీసుకెళ్లి తీసుకురా. డ్యూటీ స్లిప్ లేదు. వెళ్లకపోతే కోపం, వెళ్లి ఎక్కడైనా తగిలిస్తే నా గతి ఏమిటి? "వస్తున్నాను సార్, స్లిప్ లేకపోతే గేటు దగ్గర సెంట్రీ కిలోమీటర్లు రాసుకోడు, బండి వదలడు" అన్నాను. అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత "సరే, టాక్సీ మాట్లాడుకుంటారులే" అని పెట్టేశారు. నేను కాదనలేదు, ఆయనా తిట్టలేదు. స్లిప్, కార్ డైరీ (బండి తిరుగుడు రాసే పుస్తకం) లేకుండా చక్రం తిప్పవద్దని మీ తమ్ముడికి చెప్పండి. చట్టం పుస్తకాల కంటే నన్ను ఎక్కువసార్లు కాపాడింది ఆ చీటీయే.

కోర్టు_మెట్లు:
దేవరకొండ గారు చెప్పింది కోర్టులో కూడా పనికొస్తుంది. వ్యాపారానికి వాడని కేంద్ర ప్రభుత్వ బండికి బీమా తప్పనిసరి కాదు, మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్. అందుకని మిలిటరీ ట్రక్కు ఎవరినైనా గుద్దితే మేము క్లెయిము నేరుగా భారత ప్రభుత్వం మీద వేస్తాం. డ్రైవర్ డ్యూటీలో ఉన్నాడా లేదా అన్నది అప్పుడు ప్రతి కాగితంలోనూ వెతుకుతారు. నిర్లక్ష్యం తేలితే నష్టాన్ని జీతంలో కోయడానికి ఆర్మీ చట్టంలో 91వ సెక్షన్ ఉంది. ప్రాణం పోతే కేసు మామూలు కోర్టులోనా, కోర్టు మార్షల్‌లోనా అన్నది 125వ సెక్షన్ కింద సైన్యం ఎంచుకోవచ్చు.

సూర్యాపేట_ఇల్లాలు:
మా ఆయన ఏఎస్‌సీ డ్రైవర్, లేహ్ వైపు మూడు చలికాలాలు చేశారు. పైన చలికి డీజిల్ చిక్కబడుతుందని రాత్రి లేచి ఇంజిన్ తిప్పేవారట. సెలవు మీద ఇంటికి వచ్చినా రెండింటికి లేచి కూర్చునేవారు. మామిడి కాయలు మాగే ఎండల్లో, ఫ్యాను కింద, తాళంచెవి కోసం దిండు కింద తడుముకునేవారు. మొదట్లో నాకు నవ్వొచ్చేది.

భయం గురించి అడిగాను. "భయం లేనివాడి పక్కన నేను కూర్చోను" అన్నారు. అంతకు మించి చెప్పలేదు, ఆయన మాటలు కొంచెం పొదుపు. అన్నయ్యా, మీ తమ్ముడు ఆస్పత్రిలో చూసింది మీ నాయన కాలును. బండిని కాదు. ఆ ఒక్క మాట అక్కడి పెద్దవాళ్లతో చెప్పమనండి.

డిండి_గాలి:
వెట్టి మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆర్‌టీఐ మాట మాత్రం తీసుకోను.

కల్వకుర్తి_అన్న:
మూడు వారాలైంది, ఆలస్యానికి మన్నించండి. తమ్ముడు రాసివ్వలేదు. ఎంటీ జేసీఓ దగ్గరికి వెళ్లి నాయన సంగతి చెప్పాడట. ఆయన మొత్తం విని అడిగింది ఒకటే. "ఆ ట్యాంకర్‌కు వెనక లైటు వెలుగుతోందా?" లేదన్నాడు తమ్ముడు. సరే అని వారం రోజులు ప్లాటూన్‌లోని బండ్లన్నింటికీ వెనక లైట్లు, రిఫ్లెక్టర్లు చూసి రిజిస్టరు రాసే పని ఇచ్చాడట. ఆ తర్వాత ఒక పాత నాయక్ పక్కన కో-డ్రైవర్‌గా వేశారు. కొండ మీద ఒంటరిగా ఎప్పుడు పంపేదీ ఆ నాయకే చెబుతాడట. డ్యూటీ అయితే తప్పలేదు, నెల వెనక్కి పోయింది.

హవల్దార్ అన్నా, మీ అగ్గిపెట్టె సంగతి వాడికి చెప్పాను. నిన్న ఫొటో పంపాడు. మూడు నలిగిన పెట్టెలు, పక్కన చక్రం. ఆ ఫొటో నాయనకు చూపించాను. ఆ ప్రమాదం తర్వాత ఇంట్లో ఎవరూ ఆయన ముందు బండి మాట ఎత్తరు. చాలాసేపు చూసి, స్టాలియన్‌కు గేర్లు ఎన్ని, రివర్సు ఎటువైపు పడుతుంది అని అడుగుతున్నాడు. తమ్ముడు కాన్వాయ్‌లో ఉన్నాడు, ఫోను కలవడం లేదు. మీరే చెప్పాలి.