నీట్‌లో 412 వచ్చాయి, మళ్లీ రాయాలనుంది. ఫిజిక్స్ ఎలా చదవాలి?

అన్నలూ, అక్కలూ, మాది ఒంగోలు దగ్గర పల్లె. ఇంటర్ బైపీసీ అయ్యాక మొదటిసారి నీట్ రాశాను. 720కి 412. బయాలజీలో 290, కెమిస్ట్రీలో 85 వచ్చాయి. ఫిజిక్స్‌లో మాత్రం 37!

కీ పెట్టుకుని చూస్తే అసలు సంగతి తెలిసింది. ఫిజిక్స్‌లో 45 ప్రశ్నలకు 38 పెట్టాను. 15 కరెక్టు, 23 తప్పు. ఆ 23 ముట్టుకోకుండా వదిలేసినా 60 వచ్చేవి. చివరి ఇరవై నిమిషాల్లో టెన్షన్‌తో బబుల్స్ నింపేశాను, అంతే. ఫార్ములాలు వచ్చు, లెక్కలో ఏది వాడాలో తట్టదు.

రిజల్ట్ వచ్చినప్పటి నుంచి నిద్ర సరిగా లేదు. చుట్టాల ఫోన్లు ఎత్తడం మానేశాను. నాన్న ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధగా ఉంది. లాంగ్ టర్మ్ కోచింగ్‌కి విజయవాడ పంపిస్తానంటున్నారు కానీ ఫీజుకి అప్పు చేయాలి. ఇంట్లోనే ఎన్‌సీఈఆర్‌టీ, పాత పేపర్లు, ఆన్‌లైన్ టెస్టులతో చదివితే సరిపోతుందా?

ఇంట్లో ఉండి రెండోసారి రాసి మార్కులు పెంచుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఫిజిక్స్ మెకానిక్స్‌తో మొదలుపెట్టాలా, తేలికైన చాప్టర్లతోనా? రోజుకి ఎన్ని లెక్కలు చేసేవారు? తెలియని ప్రశ్న వదిలేసే ధైర్యం ఎలా వచ్చింది? దయచేసి "బీఎస్సీలో చేరిపో" అని మాత్రం అనకండి, అది ఇంట్లో రోజూ వింటున్నాను.