కంపెనీ డబ్బుతో సర్టిఫికేషన్ చేసి వెళ్లిపోతున్నారు: ట్రైనింగ్ ఆపాలా, బాండ్ పెట్టాలా?

మాదాపూర్_హెచ్‌ఆర్:
120 మంది ఉన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. క్లౌడ్ సర్టిఫికేషన్లకు కోచింగ్, పరీక్ష ఫీజు అంతా కంపెనీదే. సర్టిఫికెట్ చేతికొచ్చిన 6 నెలల్లోపే కొందరు పేపర్ (రాజీనామా) పెడుతున్నారు. బడ్జెట్ ఆపేద్దామని యాజమాన్యం, గడువులోపు మానేస్తే డబ్బు కట్టేలా 2 లక్షల బాండ్ రాయించుకుందామని ఫైనాన్స్ వాళ్లు. అసలు ట్రైనింగ్ వల్లే మానేయాలన్న ఆలోచన పెరుగుతుందా?

జీతాల_లెక్క:
ఏం నేర్పుతున్నారన్నదాన్ని బట్టి ఉంటుందండీ. ఎక్కడికెళ్లినా పనికొచ్చే నైపుణ్యం వేరు, మీ దగ్గర మాత్రమే పనికొచ్చేది వేరు అని ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1964లోనే విడదీశాడు. క్లౌడ్ సర్టిఫికెట్ మొదటి రకం. అది రాగానే బయట రేటు పెరుగుతుంది, మీ దగ్గర జీతం మాత్రం అప్రైజల్ దాకా కదలదు. ఈలోగా నౌకరీ జాబ్ సైట్‌లో ప్రొఫైల్ అప్‌డేట్ అయిపోతుంది.

పరిశోధకుడు జార్జ్ బెన్సన్ 2006 అధ్యయనం చూడండి. పని చేస్తూ నేర్చుకున్నవాళ్లలో మానేయాలన్న ఉద్దేశం తక్కువగా కనిపించింది, కంపెనీ ఫీజుతో డిగ్రీ చేసినవాళ్లలో ఎక్కువగా. డిగ్రీ తర్వాత ప్రమోషన్ వచ్చినవాళ్లలో మాత్రం అది తగ్గింది.

కాబట్టి ట్రైనింగ్‌కు పంపే నామినేషన్ ఫారంలోనే, అయ్యాక ఆ మనిషిని ఏ ప్రాజెక్టులో, ఏ తేదీ నుంచి వేస్తారో మేనేజర్‌తో రాయించండి. రాయలేకపోతే నామినేషన్ ఆపండి. క్లౌడ్ ఆర్కిటెక్ట్ పరీక్ష పాసైన మనిషిని మళ్లీ సపోర్ట్ టికెట్లు మూయడానికి కూర్చోబెడితే ఇంకెందుకుంటాడు?

కాంట్రాక్టు_కబుర్లు:
బాండ్ సంగతి. 3 ఏళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతును విజయా బ్యాంకు కేసులో 2025 మేలో సుప్రీంకోర్టు సమర్థించింది, నిజమే. కానీ ప్రభుత్వ బ్యాంకు బహిరంగ పోటీతో నియామకాలు జరపాలి, మళ్లీ జరపడానికయ్యే ఖర్చును కోర్టు లెక్కలోకి తీసుకుంది. ఆ అంకెనే మీ ఒప్పందంలోకి ఎత్తి రాసుకోకండి. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం బాండులో రాసిన మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే, దక్కేది సమంజసమైన పరిహారమే. బిల్లులన్నీ దాచండి, కట్టాల్సిన మొత్తం నెలనెలా తగ్గేలా రాయండి. ఖర్చు 60,000, గడువు 12 నెలలు అనుకుంటే నెలకు 5,000 తగ్గాలి, 7 నెలలకు వెళ్లేవాడు 25,000 కడతాడు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం దగ్గర పెట్టుకోకండి.

సర్వే_సుబ్బారావు:
బాండ్ పెట్టాక రాజీనామాలు తగ్గాయని మురిసిపోవద్దు. వెళ్లాలన్న ఉద్దేశం లోపల అలాగే ఉండొచ్చు, గడువు తీరిన నెలలో వరసగా పేపర్లు పడతాయి. అందుకే ఉద్దేశాన్ని విడిగా కొలవాలి. "వచ్చే 12 నెలల్లో వేరే ఉద్యోగం వెతుకుతాను", "మానేద్దామని తరచూ అనిపిస్తోంది" లాంటి రెండు మూడు వాక్యాలకు 1 (అస్సలు కాదు) నుంచి 5 (కచ్చితంగా అవును) దాకా మార్కులు వేయించండి. ట్రైనింగ్‌కు ముందోసారి, అయ్యాక 30, 90 రోజులకు. అదే గ్రేడ్‌లో ట్రైనింగ్ తీసుకోనివాళ్లనూ అడగండి. వెళ్లిపోదామని ముందే అనుకున్నవాళ్లే సర్టిఫికేషన్‌కు ఎగబడి ఉండొచ్చు, ముందు మార్కులు లేకపోతే ఆ నింద ట్రైనింగ్ మీద పడుతుంది.

మాదాపూర్_హెచ్‌ఆర్:
పేర్లు లేకుండా అడిగితే ముందు, తర్వాత జవాబులు ఎలా కలపాలి?

సర్వే_సుబ్బారావు:
ఎవరి కోడ్ వాళ్లే పెట్టుకోవాలి: అమ్మ పేరులో మొదటి అక్షరం, ఫోన్ నంబర్‌లో చివరి రెండంకెలు, పుట్టిన తేదీలో రోజు అంకె మాత్రమే. టీమ్, అనుభవం రెండూ అడిగితే 120 మందిలో మనిషి ఇట్టే దొరికిపోతాడు. అప్పుడు అందరూ 1 వేసి ఊరుకుంటారు.