పిల్లలు మనసులో మాట రాసుకునే నోటుబుక్కును లెక్చరర్ చదవొచ్చా?

దేవరకొండ నాన్న:
మా బిడ్డ ఇంటర్ ఫస్టియర్. నల్లగొండల హాస్టల్ ఉన్న ప్రైవేటు కాలేజీ. ఈ యేడు నుంచి పొద్దుగాల ఐదున్నరకు యోగా పెట్టిండ్రు. రాత్రి స్టడీ అవర్ అయినంక పావుగంట 'మనసు నోటుబుక్కు' రాయాలె. ఒత్తిడి తగ్గుతదంటున్నరు, మంచిదే. కాని ఆ బుక్కు ప్రతి శనివారం లెక్చరర్‌కు ఇయ్యాలె, ఆయన చదివి సంతకం పెడ్తడు. ఔటింగ్‌కు ఇంటికొచ్చినప్పుడు తెరిచి చూసిన. ఏ పేజీ చూసినా "ఈ రోజు బాగా చదివాను, సంతోషంగా ఉన్నాను" అనే ఉన్నది. కింద ఎర్ర ఇంకుతోని 'గుడ్' అని సంతకం. అదే పిల్ల ఫిజిక్స్ ఏం సమజైతలేదని అన్నం ముందట కూసోని ఏడ్సింది. పేరెంట్స్ మీటింగ్‌ల ఈ సంగతి అడగొచ్చా? మంచికే చేస్తున్నరు గదా అని ఊకోవాల్నా?

నకిరేకల్ లెక్చరర్:
అడగండి, తప్పేం లేదు. కాని నా మాట కూడా వినండి. నేను వేరే కాలేజీలో ఇలాంటి బుక్కులే చూస్తాను. ఒకసారి ఒక అబ్బాయి "నేను లేకపోతే ఇంట్లో ఖర్చు తగ్గుతుంది" అని రాశాడు. ఆ రాత్రే వాళ్ల నాన్నకు ఫోన్ చేసి పిలిపించాం. చదవకపోయి ఉంటే ఆ వాక్యం ఎవరి కంటా పడేది కాదు. 2019లో ఇంటర్ ఫలితాలప్పుడు ఎన్ని ఇళ్లలో ఏడుపులు విన్నామో మనకు తెలుసు. పిల్లల ప్రైవసీ ముఖ్యమే, ప్రాణం అంతకంటే ముఖ్యం.

అచ్చంపేట పాత హాస్టలర్:
సార్, మీరు చేసింది గొప్ప పని. కాని ఆ ఒక్కడు రాసిండు, రాయనోళ్ల సంగతేంది? మా అమ్మానాన్న బొంబాయిల పనికి పోతే నేను హాస్టల్‌ల చదువుకున్న. ఆదివారం తప్ప ఫోన్ లేదు. మాకూ డైరీ ఉండె, వార్డెన్ చూసేది. ఒకడు మెస్సుల పప్పు నీళ్లలెక్క ఉన్నదని రాస్తే, అందరి ముందల నిలబెట్టి చదివిచ్చిండ్రు. ఆ రోజు నుంచి హాస్టల్ మొత్తంల ఒక్కడు కూడా నిజం రాయలే. ఏడుపొస్తే బాత్రూంల నల్లా ఇడిసి ఏడ్సేటోళ్లం.

పాలమూరు సైకాలజీ:
రాసుకోవడం మీద పేరున్న ప్రయోగం 1986 నాటిది, అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ చేసింది. కాలేజీ విద్యార్థుల్ని రోజుకు 15 నిమిషాల చొప్పున వరుసగా నాలుగు రోజులు, తమకు జరిగిన అతి కష్టమైన సంగతి రాయమన్నారు. ఏం జరిగిందో, అప్పుడు ఏమనిపించిందో రెండూ రాసినవాళ్లకు రాసిన వెంటనే మనసు ఇంకా బరువెక్కింది. తర్వాతి నెలల్లో మాత్రం వాళ్లు, మామూలు సంగతులు రాసిన ఇంకో గుంపు కంటే తక్కువసార్లు డాక్టరు దగ్గరకు వెళ్లారు. ఆ కాగితాలు పరిశోధకులు చదివారు, నిజమే. కాని చదివినవాళ్లు రేపు మార్కులు వేసేవాళ్లు కారు, ఇంటికి ఫోన్ చేసేవాళ్లూ కారు. తర్వాత చాలామంది ఇదే మళ్లీ చేసి చూశారు, సగటున మేలు చిన్నదే. ఆ చిన్న మేలు కూడా నిజం రాస్తేనే దక్కుతుంది. ఎర్ర సంతకం కోసం రాసే "సంతోషంగా ఉన్నాను"తో ఏ బరువూ దిగదు. ఇంకో మాట. రాసిన బాధనే రోజూ తిప్పితిప్పి రాస్తూ పోతే కొందరికి అది ఇంకా ఎక్కువవుతుంది. అందుకే రోజూ రాయాల్సిందేనని పట్టుబట్టడం కూడా నాకు నచ్చదు.

జడ్చర్ల యోగా టీచర్:
అన్నా, మీ బిడ్డ రాత్రి ఎన్నింటికి పండుకుంటది?

దేవరకొండ నాన్న:
పదకొండు దాటుతదమ్మా. ఐదుకు బెల్లు కొడ్తరు.

జడ్చర్ల యోగా టీచర్:
అంటే ఆరు గంటలు కూడా నిద్ర లేదు. ఆ వయసు పిల్లలకు 8 నుంచి 10 గంటలు కావాలె. నేను యోగా చెప్పి బతికేదాన్నే, అయినా చెప్తున్న, నిద్ర కోసి యోగా పెట్టుడు వద్దు. సాయంత్రం ట్యూషన్ కంటె ముందు ఇరవై నిమిషాలు పెట్టమనుండ్రి. ఆందోళన ఉన్న పిల్లలకు కపాలభాతి లాంటి జోరు శ్వాసలతోని మొదలు పెట్టొద్దు, కొందరికి గుండెదడ ఇంకా ఎక్కువైతది. మెల్లగ పీల్చి, అంతకంటె మెల్లగ వదులుడు చాలు. నిమిషానికి ఆరు శ్వాసల దాకా వస్తే గుండె వేగం తగ్గి ఒళ్లు నెమ్మదిస్తది. శవాసనంల కండ్లు మూసుకుంటే భయమైతదని కొందరు ఆడపిల్లలు నాతోని చెప్పిండ్రు. అసొంటోళ్లను కండ్లు తెరిచే పండుకోనియ్యాలె, గదమాయించొద్దు.

వనపర్తి పద్మ:
అసలు సంగతి ఎవరూ అడుగుతలేరు. ఒక్కో సెక్షన్‌ల 80 మంది, డౌటు అడిగితే తిట్లు, వారం వారం ర్యాంకులు గోడకు అతికిస్తరు. అవన్నీ అట్లనే ఉంచి పిల్లనే ముక్కు మూసుకోని శ్వాస తీసుకోమంటే ఎట్ల? ఫిజిక్స్ సమజైనట్టు చెప్పుండ్రి ముందు.

నకిరేకల్ లెక్చరర్:
పద్మగారి మాట కాదనను. ర్యాంకులు గోడ మీద పెట్టొద్దని మా స్టాఫ్ మీటింగ్‌లో నేనూ అడుగుతాను. కాని బుక్కు చదవడం మానేస్తే ఆ అబ్బాయి లాంటివాడిని ఎట్లా పట్టుకుంటాం? చదవొద్దనుకున్న పేజీ మడుచుకోండని చెప్పొచ్చు. ఆ మడిచిన పేజీలోనే ఆ వాక్యం ఉంటే?

పాలమూరు సైకాలజీ:
సార్, నేరుగా అడగాలి. వారానికి కొందరు పిల్లల చొప్పున, ఒక్కొక్కరిని పది నిమిషాలు ఒంటరిగా కూర్చోబెట్టుకుని "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని ఆ మాటే అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు, అట్లా పుట్టదు. 2022 అక్టోబర్ నుంచి టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416కు ఏ వేళైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. ఆ నంబరు హాస్టల్ గోడ మీద రాయించి, చేసుకోవడానికి పిల్లలకు ఒక ఫోన్ అందుబాటులో ఉంచండి.

అచ్చంపేట పాత హాస్టలర్:
ఫోన్ వార్డెన్ టేబుల్ మీద పెట్టొద్దు సార్. ఆయన ముందల ఎవడు మాట్లాడతడు?

నకిరేకల్ లెక్చరర్:
అది నిజం. మా లైబ్రరీ పక్క గది ఖాళీగానే ఉంది, ప్రిన్సిపాల్‌ను అడుగుతాను. దేవరకొండ అన్నా, మీరు మీటింగ్‌లో బుక్కు తీసేయమని అడగొద్దు. సంతకం తీసేయమనండి, బుక్కు పిల్ల దగ్గరే ఉండనివ్వమనండి. ఫిజిక్స్‌కు వేరే డౌట్ అవర్ ఉందా అని కూడా అడగండి.