అప్‌డేట్: బెంగళూరులో స్వింగ్ డాన్స్ తరగతి

జాజ్ పాటలకు జంటగా ఆడే స్వింగ్ డాన్స్‌ను జంట లేకుండా, నలభై దాటాక నేర్చుకోవచ్చా అని ఇదివరకు ఇక్కడ అడిగాను కదా. ఇందిరానగర్‌లో లిండీ హాప్ (స్వింగ్‌లో ఒక రకం) తరగతిలో చేరాను. జంట గురించి బెంగ అనవసరం. కాసేపటికోసారి అందరూ పక్కవారితో జంట మార్చుకుంటారు. నడిపే పాత్రా, అనుసరించే పాత్రా ఎవరి ఇష్టం వారిది. నేను నడిపే పాత్ర తీసుకున్నాను. ఇంట్లో అలవాటే కదా అన్నారు మావారు.

అసలు తంటా తాళంతో వచ్చింది. చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకున్నాను. ఆదితాళంలో చెయ్యి పడేది ఒకటి, ఐదు, ఏడు లెక్కల మీద. ఇక్కడ చప్పట్లు రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది మీద! లెక్క ఎనిమిదే అయినా నా చేతులు ఇంకా ఒప్పుకోవడం లేదు. మోకాళ్లు వంచి ఆడటం మాత్రం కూచిపూడిలో మోకాళ్లు వంచి నిలబడే అరమండి పుణ్యమా అని తేలికే. మొదట నేర్పింది ఆరు లెక్కల అడుగు: ఒక రాక్ స్టెప్ (రెండు లెక్కల్లో ఒక కాలు వెనక్కి వేసి, మళ్లీ ముందు కాలి మీదికి రావడం), రెండు ట్రిపుల్ స్టెప్పులు (ఒక్కొక్కటి రెండు లెక్కల్లో మూడు చకచకా అడుగులు).

రబ్బరు అడుగున్న బూట్లు వద్దని చెప్పినవారికి ధన్యవాదాలు. అవి నేలను పట్టేసి, తిరిగేటప్పుడు మోకాలిని మెలిపెడతాయి. నున్నటి తోలు అడుగున్నవి వేసుకుంటున్నాను.

ఈ నాట్యం పెరిగిన సవాయ్ బాల్‌రూమ్ అనే నాట్యశాలను న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో 1926లో తెరిచారట. ఆ రోజుల్లోనే నల్లవారూ తెల్లవారూ ఒకే నేల మీద ఆడారంటే గొప్పే.

ఇప్పుడు కొత్త ప్రశ్న: నిమిషానికి 180 బీట్లు దాటిన పాటలకు ట్రిపుల్ స్టెప్ వేస్తుంటే ఆయాసం వస్తోంది. మీరేం చేస్తారు?