వేదిక మీద వాయించడానికి ఏ మిడి కంట్రోలర్ మేలు?

మిత్రులకు నమస్కారం. నేను బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ, వారాంతాల్లో ఇందిరానగర్, కోరమంగల వైపు చిన్న వేదికల మీద ఎలక్ట్రానిక్ సంగీతం వినిపిస్తుంటాను. ల్యాప్‌టాప్‌లో ఏబుల్టన్ లైవ్ అనే సంగీత సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. దాన్ని నడిపే మిడి కంట్రోలర్‌గా, అంటే మీటలు, నాబులతో (తిప్పే బిరడాలతో) సాఫ్ట్‌వేర్‌కు సందేశాలు పంపే పరికరంగా, ఇంతవరకు 25 కీల కీబోర్డుతో నెట్టుకొచ్చాను గానీ, ఒక చేత్తో క్లిప్పులు (చిన్న సంగీత ముక్కలు) మారుస్తూ రెండో చేత్తో ఫిల్టరు (శబ్దంలో కొంత భాగాన్ని అణిచే అమరిక) తిప్పాలంటే అది చాలడం లేదు.

నోవేషన్ లాంచ్‌ప్యాడ్ ఎక్స్‌లో వేలి ఒత్తిడిని గుర్తించే 64 ప్యాడ్లు ఉన్నాయి, బరువూ తక్కువే, కానీ ఫేడర్లు (పైకీ కిందికీ జరిపే మీటలు) లేవు. అకాయ్ ఏపీసీ40 ఎంకే2లో 40 క్లిప్ బటన్లతో పాటు ఫేడర్లు, నాబులు, ఒక శబ్దం నుంచి మరోదానికి మెల్లగా మారే క్రాస్‌ఫేడర్ ఉన్నాయి. అయితే రద్దీ బస్సులో దాన్ని మోసుకెళ్లడం నా వల్ల అయ్యే పని కాదు.

అసలు చిక్కు వేరే ఉంది. మామూలు నాబు పంపే సందేశంలో 0 నుంచి 127 వరకే విలువలుంటాయి కాబట్టి, తంబుర శ్రుతి మీద ఫిల్టరును మెల్లగా తెరిచినప్పుడు శబ్దం జారుతున్నట్టు కాక, మెట్లెక్కుతున్నట్టు వినిపిస్తోంది. ఫిల్టరు ప్లగిన్‌లో స్మూతింగ్ (మార్పును నునుపు చేసే అమరిక) పెంచితే సరిపోతుందా, లేక ఇంకా సన్నని మెట్లుండే 14 బిట్ల సందేశాలు పంపగల పరికరమే వెతుక్కోవాలా? పాట మారినప్పుడు ఫేడరు ఒకచోట, సాఫ్ట్‌వేర్‌లో విలువ మరోచోట ఉండి శబ్దం ఎగిరిపడకుండా, మీరు లైవ్‌లోని టేకోవర్ అమరికను పికప్‌లో (ఫేడరు ఆ విలువను చేరేదాకా పనిచేయకుండా) ఉంచుతారా, వాల్యూ స్కేలింగ్‌లోనా (రెండూ కలిసేదాకా విలువ మెల్లగా సర్దుకునేలా)?

కొనేముందు చేత్తో నొక్కి చూడనిచ్చే దుకాణం, అరిగిన ఫేడర్లు మార్చగల మెకానిక్ ఎస్పీ రోడ్డు చుట్టుపక్కల ఎవరైనా ఉంటే దయచేసి తెలియజేయగలరు.