టెక్సాస్ జేపీ కోర్టులో డిపాజిట్ కేసు: విచారణ ఎలా సాగుతుంది?

ఫ్రిస్కో_అద్దె:
అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి రెండు నెలలైనా డిపాజిట్ ఇవ్వకపోతే లాయర్ లేకుండా జేపీ కోర్టుకు (జస్టిస్ ఆఫ్ ద పీస్, అంటే చిన్న దావాలు చూసే కోర్టు) వెళ్లొచ్చా? విచారణ రోజు ఏం జరుగుతుంది?

కాగితం_కలం:
వెళ్లొచ్చండీ. 20,000 డాలర్ల వరకు ఈ కోర్టే చూస్తుంది. కేసు వేసే ముందు ఒక్కటి చూసుకోండి. కొత్త చిరునామా ఓనరుకు రాసి ఇచ్చారా? ఇవ్వనంతవరకు డిపాజిట్ వెనక్కివ్వాల్సిన బాధ్యత అతని మీద పడదు. చాలా కేసులు వీగిపోయేది ఇక్కడే. ఇవ్వకపోతే ఇప్పుడైనా సర్టిఫైడ్ మెయిల్‌లో పంపి రసీదు దాచండి. చిరునామా ఇచ్చి ఉంటే, ఖాళీ చేసిన 30 రోజుల్లో డబ్బో, కోతల లెక్కో రావాలి. దురుద్దేశంతో ఆపారని తేలితే 100 డాలర్లు, దానిపైన అన్యాయంగా ఆపిన సొమ్ముకు మూడింతలు అడగొచ్చు. అంటే 900 ఆపితే 2,800.

గుమాస్తా_కిటికీ:
దావా ఎవరి మీదో సరిగ్గా రాయండి. గేటు మీద బోర్డులో ఉన్న పేరు కాదు, లీజులో ఉన్న కంపెనీ పూర్తి పేరు. ఫైలింగ్ ఫీజు 54 డాలర్లు, సమన్లు అందించడానికి కాన్‌స్టేబుల్ ఫీజు వేరే. సమన్లు మీరే తీసుకెళ్లి ఇస్తే చెల్లదు. అందిన 14 రోజుల్లో ప్రతివాది జవాబు వేయాలి. జ్యూరీ కావాలంటే విచారణకు కనీసం 14 రోజుల ముందే అడిగి 22 డాలర్లు కట్టాలి. ఆరుగురు కూర్చుంటారు. డిపాజిట్ కేసుకు అంత అవసరం లేదని నా అభిప్రాయం.

మూడు_సెట్లు:
విచారణ రోజు పేరు పిలిచినప్పుడు వాది లేకపోతే కేసు కొట్టేయొచ్చు, కాబట్టి ముందే వెళ్లి కూర్చోండి. ప్రమాణం చేయిస్తారు. ముందు మీరు చెప్పాలి, తర్వాత అవతలివాళ్లు మిమ్మల్ని ప్రశ్నిస్తారు, ఆపైన వాళ్ల వంతు. మధ్యలో జడ్జి కూడా నేరుగా అడగొచ్చు. పెద్ద కోర్టుల్లోలాగా సాక్ష్యాల నిబంధనలు ఇక్కడ మామూలుగా వర్తించవు, ఫొటోలు, ఈమెయిళ్లు చూస్తారు. కానీ ఫోన్ చేతికిస్తే పని జరగదు. అన్నీ ప్రింట్ తీసి మూడు సెట్లు పెట్టుకోండి: జడ్జికి ఒకటి, ఎదుటివారికి ఒకటి, మీకొకటి. వరుస ఇలా: లీజు, డిపాజిట్ కట్టిన రుజువు, చేరిన రోజు ఫొటోలు, వదిలిన రోజు ఫొటోలు, చిరునామా ఉత్తరం.

కార్పెట్‌కు 600 కోశారనుకోండి. అదే మూలను రెండు రోజులూ ఒకే కోణంలో తీసిన ఫొటోలు పక్కపక్కన పెట్టండి. సోఫా కాళ్ల గుంటలు, నడిచి నడిచి అరిగిన దారి మామూలు అరుగుదల. దానికి కోత వేయకూడదు. కాలిన మచ్చ ఉంటే మాత్రం వాదించకండి, ఆ మేరకు వదిలేసి మిగతాది అడగండి.

ఫ్రిస్కో_అద్దె:
ఇంగ్లిష్ తడబడితే?

గుమాస్తా_కిటికీ:
తేదీ రాగానే గుమాస్తాను దుబాసీ గురించి అడగండి. తగిన కారణముంటే, డబ్బు తీసుకోకుండా సాయపడే కుటుంబ సభ్యుణ్ని పక్కన ఉండనివ్వమని జడ్జిని కోరవచ్చు.

కాగితం_కలం:
రాలేకపోయి కేసు కొట్టేస్తే, ఆ ఉత్తర్వుపై సంతకమైన 14 రోజుల్లో తిరిగి తెరవమని అడగాలి. తీర్పు నచ్చకపోతే 21 రోజుల్లో కౌంటీ కోర్టుకు అప్పీలు. అక్కడ విచారణ మళ్లీ మొదటినుంచే. అప్పీలుకు పూచీగా పెట్టే బాండ్ వాదికైతే 500 డాలర్లు, ప్రతివాదికైతే తీర్పు సొమ్ముకు రెట్టింపు. ఇల్లు ఖాళీ చేయించే కేసుల గడువులు వేరు, వాటితో కలపకండి.