బెంగళూరు ఆఫీసు కామెడీ స్క్రిప్టు: చదివినవాళ్ళు తలూపుతున్నారు, నవ్వట్లేదు. ఎక్కడ తప్పు?

బెళ్ళందూరు_బెంచ్:
ఆరు ఎపిసోడ్ల తెలుగు సిరీస్ రాస్తున్నాం, ఒక్కోటి 22 నిమిషాలు. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు. అందులో నలుగురు తెలుగువాళ్ళు, 24 నుంచి 28 ఏళ్ళ లోపు. ఉద్యోగం మీద ఆశ చచ్చిపోయింది, అలాగని వదల్లేరు, నలుగురికీ ఈఎమ్‌ఐలున్నాయి. మొదటి ఎపిసోడ్ 34 పేజీలొచ్చింది. చదివిన వాళ్ళంతా "కరెక్టే, ఇలాగే ఉంటది" అంటున్నారు, అంతే. నవ్వు లేదు. మొదటి సీన్ ఇది:

రవి: మనం మనుషులం కాదురా, రిసోర్సులం.
దివ్య: మన కలలన్నీ ఎక్సెల్ షీట్లో సెల్స్ అయిపోయాయి.
రవి: ఈ అద్దాల బిల్డింగు మన జైలు.

రెండు సందేహాలు. స్క్రిప్టులో ఏం మార్చాలి? శని, ఆదివారాలు ఒక కో-వర్కింగ్ ఫ్లోరు దొరుకుతోంది, అక్కడ షూటింగ్‌కి ఏమేం చూసుకోవాలి?

సీన్_నెంబర్_7:
ఇద్దరూ కలిసి ఒకే మాట మూడుసార్లు అన్నారు. పైగా ఆ మాట ప్రేక్షకుడికి ముందే తెలుసు. విసిగిపోయినవాడు విసుగు గురించి మాట్లాడితే ఉపన్యాసం. విసిగిపోయినవాడికి కూడా ఏదో ఒక చిన్న వస్తువు గట్టిగా కావాలి, అది దొరక్కూడదు. కామెడీ అక్కడుంది. మీ సీన్లో ఎవరికీ ఏమీ అక్కర్లేదు.

ఉదాహరణకి సంక్రాంతి సెలవు తీసుకోండి. మనకి భోగి, పెద్ద పండగ, కనుమ. కర్ణాటక క్యాలెండర్లో ఒక్కరోజే సెలవు. మేనేజరు అమాయకంగా "పండగ ఒక్కరోజే కదా, ముందు రోజు, తర్వాత రోజు దేనికి?" అంటాడు. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు, పొద్దున 8 గంటలకి తెరుచుకుంటుంది, అంటే నవంబరు రెండో వారంలోనే శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు కొట్టి ఉండాలి. సెలవు అప్రూవల్ మాత్రం జనవరిలో ప్రయాణానికి రెండ్రోజుల ముందు వస్తుంది. టీములో నలుగురు తెలుగువాళ్ళు, ప్రొడక్షన్ సపోర్టుకి, అంటే నడుస్తున్న సాఫ్ట్‌వేర్ ఆగకుండా చూసుకునే డ్యూటీకి, ఒకరు ఉండి తీరాలి. ఎవరు? ఇక మీరు రాయక్కర్లేదు, వాళ్ళే అబద్ధాలు మొదలుపెడతారు. ఒకడికి కనుమ నాడు పెళ్ళిచూపులు, ఇంకొకడికి తాతగారి ఆబ్దికం. తాతగారు ఊళ్ళో గుండ్రాయిలా ఉన్నారని మూడోవాడికి తెలుసు, కానీ చెప్పడు, దాచుకుంటాడు, ఎందుకంటే మార్చి నెలాఖరు రోస్టరులో పనికొస్తుంది. "మనం రిసోర్సులం" అనే మాట ఎవరూ అనకుండానే మొత్తం ఎపిసోడ్ అదే చెబుతుంది.

రెండోది, ఎందుకు వదల్లేరు అన్నది. నలుగురికీ ఒకటే కారణం పెట్టారు, ఈఎమ్‌ఐ. నాలుగు వేరువేరు తాళాలు కావాలి. ఒకరికి 90 రోజుల నోటీసు పీరియడ్, అవతలి కంపెనీ 30 రోజుల్లో రమ్మంటోంది. (ఇందులో చిన్న జోకు కూడా ఉంది: మారతహళ్ళి పీజీ ఆంటీకీ నెల నోటీసివ్వాలి. ఆఫీసు వదలడం కంటే అది సులువేమీ కాదు, డిపాజిట్టు ఆవిడ దగ్గరుంటుంది.) ఒకరికి జాయినింగ్ బోనస్, ఏడాది నిండకుండా వెళితే తిరిగి కట్టాలి. ఒకరికి ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, పెళ్ళయ్యేదాకా ఉద్యోగం మారకూడదు. నాలుగోవాడికి గ్రాచ్యుటీ, అంటే ఏళ్ళ తరబడి పనిచేసి వెళ్ళేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం: 4 సంవత్సరాల 7 నెలలు అయ్యాయి, ఐదేళ్ళు నిండాలి. గ్రాచ్యుటీ లెక్కకొచ్చే నెల జీతం 40,000 అనుకుంటే 40,000ని 26తో భాగించి, 15తో, మళ్ళీ 5తో హెచ్చిస్తే సుమారు 1,15,385 రూపాయలు. గోడ క్యాలెండర్ మీద ఆ లెక్క రాసుకుని రోజులు కొట్టేసేవాడు మీ సిరీస్‌కి గడియారం. ఐదో ఎపిసోడ్లో వాడికి మంచి ఆఫర్ రావాలి. పన్నెండు రోజులు తక్కువ పడాలి.

34 పేజీల సంగతి. పేజీకి నిమిషం అనే లెక్క ఇంగ్లిష్ స్క్రీన్‌ప్లే ఫార్మాటుది. తెలుగు లిపిలో, వేరే ఫాంట్లో రాస్తే అది పనిచేయదు. నలుగురు కూర్చుని స్టాప్‌వాచ్ పెట్టి గట్టిగా చదవండి. నటనకి, మౌనాలకి చోటుండాలి కాబట్టి చదివినప్పుడు 18 నిమిషాలు దాటితే కోయాలి. సీన్లో చివరి రెండు డైలాగులు తీసేసి చూడండి, చాలాసార్లు అక్కడే నవ్వు చస్తుంది.

పేస్లిప్_పురాణం:
గ్రాచ్యుటీ మీద ఒక సవరణ, ఇది మీకు సీనుగా పనికొస్తుంది. చట్టం ప్రకారం పర్మనెంట్ ఉద్యోగికి ఐదేళ్ళు అన్నది నిజమే. కానీ ఐదో ఏట 240 రోజులు పనిచేస్తే చాలని మద్రాస్ హైకోర్టు తీర్పు ఒకటుంది, ప్రతి క్యాంటీన్లోనూ ఎవరో ఒకరు ఆ నంబరు చెబుతారు. హెచ్‌ఆర్ ఒప్పుకోదు, "మా పాలసీ ఐదేళ్ళే" అంటుంది. ఇంకా లోతుకెళితే వారానికి ఆరు రోజుల కంటే తక్కువ పనిచేసే సంస్థలకి చట్టంలో రాసింది 240 కాదు, 190. ఐదు రోజుల ఆఫీసులో కూర్చుని అందరూ 240 మీద కొట్టుకుంటుంటారు. మీ క్యాలెండర్ కుర్రాడికి ఈ సంగతి ఆఖరి ఎపిసోడ్లో తెలియాలి, రాజీనామా వెనక్కి తీసుకున్న మర్నాడు.

బూమ్_పట్టినోడు:
షూటింగ్ సంగతి నేను చెబుతా.

మన కరెంటు 50 హెర్ట్జ్, ఆఫీసు లైట్లు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి. సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టండి. ఫోన్లో తీస్తే అది సాధారణంగా 30 ఫ్రేముల మీద ఉంటుంది, షట్టర్ 1/60కి పోతే సీలింగు లైట్ల కింద పట్టీలు పాకుతాయి, ఎడిటింగ్‌లో వాటిని తీయడం నరకం. మానిటర్లు 60 హెర్ట్జ్‌లో ఉంటాయి, సెట్టింగ్స్‌లో 50 ఉంటే అది పెట్టండి. బ్రైట్‌నెస్ తగ్గించకండి, చాలా మానిటర్లు తగ్గించినప్పుడే మిణుకుతాయి. ఫుల్ మీద ఉంచి స్క్రీన్ మీద ముదురు రంగు పేజీ తెరవండి.

సౌండు అసలు సమస్య. సెంట్రల్ ఏసీ మీ చేతిలో ఉండదు, ఫెసిలిటీ వాళ్ళతో ముందే మాట్లాడండి: ఫ్లోరు బాగా చల్లబరిచి, పది నిమిషాలు ఆపి టేకులు తీసి, మళ్ళీ వేయాలి. ఒకే సీన్లో సగం టేకులు ఏసీ ఉండగా, సగం ఆపాక తీస్తే ప్రతి కట్ దగ్గర గాలి ఆగి మొదలవుతుంది. ప్రతి చోటా అందర్నీ కదలకుండా నిలబెట్టి 30 సెకన్ల ఖాళీ గది శబ్దం రికార్డు చేసుకోండి. కాఫీ మెషీను, ఫ్రిజ్ ఆపేయండి. ఫ్రిజ్ మళ్ళీ వేయడం మర్చిపోకుండా బండి తాళం అందులో పెట్టండి, ఇది సౌండు వాళ్ళందరి చిట్కా.

ఆఫీసు కథల్లో మాత్రమే వచ్చే తంటా ఒకటుంది: ఐడీ కార్డు. మనిషి కదిలినప్పుడల్లా అది చొక్కాలోని కాలర్ మైకుకి టక్కుమని తగులుతుంది, షూటింగ్ గోలలో ఎవరికీ వినపడదు, ఇంటికెళ్ళి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాక వినపడుతుంది. కార్డు వెనక రెండు వైపుల టేపు అంటించి చొక్కాకి అతికించండి, మైకుని కార్డు తాడుకి పక్కగా, పైన పెట్టండి.

మీటింగ్ రూము గాజు గోడలు గొంతుని తిప్పికొడతాయి, కెమెరాని చూపిస్తాయి. ఫ్రేములో పడని గోడకి రజాయిలు వేలాడదీయండి, కెమెరా వెనక నల్ల గుడ్డ. లైట్లు యూపీఎస్ సాకెట్లలో గుచ్చకండి, అవి కంప్యూటర్ల కోసం. లోడు ఎక్కువైతే ఫ్లోరంతా ఆగిపోతుంది, సోమవారం మీకు ఆ ఫ్లోరు ఉండదు. గోడ గడియారంలో బ్యాటరీ తీసేయండి.

బెళ్ళందూరు_బెంచ్:
ఐడీ కార్డు సంగతి అసలు తట్టలేదు. ఇంకొకటి: పాత్రలు కెమెరా వైపు తిరిగి మాట్లాడే డాక్యుమెంటరీ పద్ధతి పెడదామని ఒకరి పట్టు. నలుగురి యాసలు ఎలా పెట్టాలన్నదీ తేలలేదు.

మడివాళ_స్లీపర్:
డాక్యుమెంటరీ పద్ధతి నాకు నచ్చదు. 2001లో బీబీసీ 'ది ఆఫీస్'లో అది పండిందంటే, అక్కడి బాసు కెమెరా ఉందని తెలిసి దానికోసం నటిస్తుంటాడు కాబట్టి. వెనక నవ్వుల ట్రాకు లేదు, ఆ మౌనమే జోకు. మీ నలుగురిలో కెమెరా కోసం వేషం వేసేవాడెవరూ లేడు. పైగా క్లయింటు ఫ్లోరులోకి వెళ్ళేటప్పుడు ఫోను కెమెరా మీద స్టిక్కరు అంటించే చోట్లున్నాయి, అక్కడ డాక్యుమెంటరీ వాళ్ళని ఎవరు రానిస్తారు?

యాసకంటే పిలుపులు చూసుకోండి. తెలుగు మేనేజరుని కాల్‌లో ఇంగ్లిష్‌లో "సురేశ్" అంటారు, ప్యాంట్రీలో "సురేశన్నా" అంటారు, సెలవు అడిగేటప్పుడు "సురేశ్ గారూ". ఆయన "తమ్ముడూ" అన్నాడంటే శనివారం పోయినట్టే. మొదటి ఎపిసోడ్లో ఇది రెండుసార్లు చూపిస్తే చాలు, మూడోసారి ఆయన "తమ్ము..." అనగానే నలుగురూ కుర్చీల్లోంచి లేవాలి.

ఒకరిని బెంగళూరులోనే పుట్టిన తెలుగమ్మాయిని చేయండి, ఇక్కడ అలాంటి కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ. ఆటో బేరం, ఇంటి ఓనరుతో గొడవ, అన్నిటికీ మిగతా ముగ్గురూ ఆమె మీదే పడతారు. అనువాదంలో ఆమె తనకి కావాల్సింది కలిపేసుకుంటుంది. అనంతపురం వాడిచేత "వస్తాండా" అనిపించడం ఒక్కటే యాస కాదు, మాట వేగం, ఎక్కడ ఆగుతాడన్నదీ యాసే. అందుకని ఆ ఊరి నటుడినే తీసుకుని డైలాగు అతని నోటితో తిరగరాయించండి.

శుక్రవారం ఒక సీను ఉంచండి. రాత్రి 9:30కి మడివాళలో హైదరాబాదు బస్సు, 7 గంటలకి "క్విక్ కాల్", మధ్యలో ట్రాఫిక్ కదలని సిల్క్ బోర్డు జంక్షను. ఆ జంక్షన్లో షూట్ చేయాలంటే ట్రాఫిక్ పోలీసుల అనుమతి కావాలి, మెట్రో స్టేషన్లో అయితే మెట్రో వాళ్ళ అనుమతి. ఆగిన ఆటోలో, లోపలి నుంచి, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని మ్యూట్ తీయడం మర్చిపోయిన మొహం మీద తీస్తే జంక్షనే అక్కర్లేదు. హారన్లు విడిగా రికార్డు చేసి తర్వాత వేసుకోండి.

బూమ్_పట్టినోడు:
ఆటో ఇంజను ఆపి తీయండి. ఇద్దరు వెనక నుంచి ఊపితే చాలు.